సముద్రం లేని రేవు

*ఇటలీ తీరంలో రంగుల పల్లెలు చూడటానికి జనం విమానాలెక్కి పోతున్నారు. మార్కాపురం, గిద్దలూరు నడుమ కంభం చెరువులో తెల్లారకముందే వలలు లేస్తున్నాయి. అక్కడ ఉన్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి?*

ఇంకా మనిషి ముఖం ఆనవాలు పట్టే వెలుతురు రాలేదు. కంభం చెరువు కట్ట మీద నిలబడితే ముందు చప్పుళ్లే తెలుస్తాయి. నీళ్ల మీద తెడ్డు పడే చప్పుడు. చీకట్లోంచి ఒక దగ్గు. ఒక తెప్ప మీది మనిషి ఇంకో తెప్ప మీది మనిషిని పిలిచే కేక. తూర్పు కొండల అంచు తెల్లబడే వేళకు అవన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకు చేరతాయి.

ఒకాయన వలను ఒళ్లో పోసుకుని గట్టు రాయి మీద కూర్చున్నాడు. మొప్ప కింద బిగుసుకున్న దారాన్ని బొటనవేలి గోటితో పైకి లేపుతాడు. సన్న చేపైతే వెనక్కి లాగడు, ముందుకే తోసి కన్ను దాటిస్తాడు. వెనక్కి లాగితే మొప్ప చిరుగుతుంది. మొప్ప చిరిగిన చేపను బేరగాడు రెండు వేళ్లతో ఎత్తి చూసి పక్కన పడేస్తాడు. ఆయన చేతులు ఆ పని చేస్తుంటే కళ్లు మాత్రం కట్ట మీద ఆగిన మోపెడ్ల మీదే ఉన్నాయి. వెనక సీటుకు ప్లాస్టిక్ టబ్బులు, థర్మోకోల్ పెట్టెలు కట్టుకుని వచ్చిన కుర్రాళ్లు వాళ్లు.

“ఏంది మామా, ఈ పొద్దు కొరమేను పడలా?”

“పడితే నీ బండి కాడికే వస్తది గదా అల్లుడా!”

కాటా వచ్చేలోపు ఆ కుర్రాళ్లలో ఒకడు ఫోన్‌లో రీల్ చూస్తున్నాడు. కొండ కొస మీద గులాబీ, పసుపు, నారింజ రంగుల ఇళ్లు, కింద నీలం నీళ్లు, ఆ నీళ్లలో బుల్లి పడవలు. పక్కవాడు తొంగి చూసి “ఇది యాడ?” అన్నాడు. “ఇటలీ అంట.” కాసేపు చూసి, “నీళ్లు మనయి మాదిరే ఉండాయి, ఇళ్లకు సున్నం మాత్రం బాగా కొట్టుకున్నారు” అని తేల్చేశాడు.

ఆ ఒక్క మాటలో మన పర్యాటకం మీద జరిగే చర్చ సగం ఉంది. మిగతా సగం ఏమిటో చూద్దాం.

ఒంగోలుకు మిగిలిన కెరటాలు

మార్కాపురం జిల్లా మాట వచ్చినప్పటి నుంచి టీ కొట్ల దగ్గర ఒక నిట్టూర్పు తరచుగా వినిపిస్తోంది. పడమర వేరుపడ్డాక సముద్రం ఒంగోలు వాళ్లదే గదా అని. కొత్తపట్నం, పాకల బీచ్‌లు, చేపల రేవులు అన్నీ తూర్పున ఉండిపోయాయి. మార్కాపురం, యర్రగొండపాలెం, గిద్దలూరు, కనిగిరి చేతికి వచ్చినవి నల్లమల, పలకల గనులు, ఫ్లోరైడ్ నీళ్లు, వలసలు. నిజానికి ఈ నేలలో ఎక్కువ భాగం మొదటి నుంచీ సముద్రపు జిల్లాది కాదు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాలోదే. పెద్దవాళ్లు కోర్టు పని, కలెక్టరు పని అంటే పడమటికే పోయేవాళ్లు. ఇక్కడివాళ్లకు కెరటం అంటే పెళ్లయిన కొత్తలో ఒకసారి, పిల్లల్ని తీసుకుని ఇంకోసారి చూసి వచ్చేదే.

మరి సముద్రం లేని చోట చేపల పల్లె ఎక్కడిది? కంభం చెరువు ఒడ్డున ఒక ఉదయం గడిపినవాళ్లు ఈ ప్రశ్న వెయ్యరు. పొడవునా ఏడు కిలోమీటర్లు, అడ్డంగా మూడున్నర కిలోమీటర్ల దాకా పరుచుకున్న నీళ్లు. నిండిన ఏడాది అవతలి గట్టు కనపడేది అంతంత మాత్రమే. నడుమ కొండ గుట్టలు తలలు మాత్రం పైకి పెట్టి దీవుల్లా నిలబడతాయి. గాలి లేస్తే అలలు కట్టను కొడతాయి.

ఆ రంగుల వెనక

ముందు ఆ రీల్‌లోని ఊరి సంగతి. అది లిగూరియా, ఇటలీ వాయవ్య తీరం. అందులో బాగా పేరు మోసినవి చింక్వే తెర్రె అని పిలిచే అయిదు ఊళ్లు: మోంతెరోస్సో, వెర్నాజా, కోర్నిలియా, మనరోలా, రియోమాజోరే. 1997లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊళ్లు ఎంత చిన్నవంటే, వెర్నాజా జనాభా వెయ్యి లోపే. మన వైపు ఒక మోస్తరు పల్లెలో ఒక వీధికి సరిపోయే జనం. ఏటా వచ్చే యాత్రికులు మాత్రం లక్షల్లో.

ఒకప్పుడు ఇవి పేద ఊళ్లు. కొండ నిట్టనిలువు. దున్నడానికి చదును లేదు. తరతరాలుగా మట్టి, సున్నం ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వాటి వెనక మన్ను నింపి, మెట్లు మెట్లుగా ద్రాక్ష వేసుకున్నారు. కింద సముద్రంలో నెత్తళ్ల లాంటి సన్న చేప పట్టి ఉప్పులో ఊరేసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో రైలు వచ్చింది, సొరంగంలోంచి బయటికి వచ్చి ఊళ్లో ఒక్క నిమిషం ఆగి మళ్లీ సొరంగంలోకి దూరే రైలు. దిగువమెట్ట దాటి నల్లమల సొరంగంలోకి దూరే మన నంద్యాల బండి ఎక్కినవాళ్లకు ఆ అనుభవం కొత్తేమీ కాదు.

మనరోలాలో పడవలు కట్టేసుకునేంత రేవు లేదు. సముద్రం పోటెత్తితే పడవలను క్రేన్‌తో ఎత్తి వీధిలోకి తెచ్చి, ఇళ్ల ముందు మనం స్కూటర్లు పెట్టుకున్నట్టు పెట్టుకుంటారు. వాళ్లకది గత్యంతరం లేక చేసే పని, యాత్రికులకు ఫొటో.

పలకల ఊరు మార్కాపురానికి చెప్పదగ్గ సంగతి ఇంకొకటి. ఆ తీరంలో ఇళ్ల కప్పులకు, మెట్లకు, గుమ్మాలకు వాడేది పలక రాయే. లవాన్యా ఊరి వెనక కొండల్లో గనులు తవ్వి, మన గనుల్లో మాదిరే పొరలు పొరలుగా చీల్చి, శతాబ్దాలుగా కప్పులు నేస్తున్నారు. పిల్లల చేతిలోంచి పలక పోయాక మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో ఎన్ని మూతపడ్డాయో ఇక్కడివాళ్లకు తెలుసు. వాళ్లు తమ రాయిని తమ ఊరి నెత్తిన పెట్టుకున్నారు. మనం మన రాయిని ఎగుమతికి పంపి ఇళ్ల మీద సిమెంటు రేకులు వేసుకున్నాం. ఇది ఇక్కడ అప్రస్తుతమే అనుకోండి, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

> పెనం నిండా చేప
> లిగూరియాలోనే కమోలి అని ఇంకో చేపల ఊరు ఉంది. ఇళ్ల గోడల మీద లేని కిటికీలను, లేని చెక్కడాలను ఉన్నట్టే రంగులతో గీసి కళ్లను మోసం చేస్తారు. 1952 నుంచి ఏటా మే నెలలో చేపల పండగ జరుపుతారు. దాదాపు నాలుగు మీటర్ల అడ్డం ఉన్న పెనంలో సముద్రపు చేపను వేయించి వచ్చినవాళ్లకు పెడతారు. అక్కడి జాలర్ల సహకార సంఘం ఇప్పటికీ కొబ్బరి పీచుతో అల్లిన పెద్ద వలను ఒక కొస దగ్గర సముద్రంలో కట్టి చేప పడుతుంది. నైలాను వచ్చి ఇన్నేళ్లయినా ఆ వల మారలేదు.

రాణి అలిగిన చోట

కంభం చెరువుకు వెయ్యి అడుగుల కట్ట, ఎత్తు యాభై ఏడు అడుగులు. అంత పెద్ద నీటికి ఇంత పొట్టి కట్టా అని మొదటిసారి చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. కిటుకు చోటు ఎంచుకోవడంలో ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, దానికి తోడు జంపలేరు వచ్చి రెండు కొండల నడుమ సందులోంచి బయటపడే చోట కట్ట వేశారు. మిగతా మూడు వైపులా గట్టు పని కొండలే చేస్తాయి. నాలుగు వందల ముప్పై చదరపు మైళ్ల మేర పడ్డ వాన ఈ ఒక్క సందు దగ్గరికే రావాలి. దీని కింద పది వేల ఎకరాలకు పైగా ఆయకట్టు.

కట్టించింది ఎవరు? ఒడిశా గజపతుల పేరు, విజయనగరం పేరు రెండూ వినిపిస్తాయి. జనం నోట్లో నలిగే కథ మాత్రం ఒకటే. కళింగ యుద్ధంలో ఓడిన గజపతి తన కూతుర్ని శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ పెళ్లి పొసగలేదు. రాజు ఆదరణ లేని రాణి హంపీ విడిచి కంభం వచ్చి ఒంటరిగా ఉండిపోయింది. ఆమెను కొందరు వరదరాజమ్మ అంటారు, కొందరు తుక్కాదేవి అంటారు. తన సొమ్ముతో ఈ చెరువు తవ్వించిందనీ చెప్పుకుంటారు. తుక్కాదేవి పేరిట అయిదు సంస్కృత శ్లోకాలు కూడా ప్రచారంలో ఉన్నాయి, మనసు గుర్తించని మగాడి మీద నిష్ఠూరం అవి. చరిత్రకారులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అలిగిన ఆడమనిషి అయిదు వందల ఏళ్లు నిలిచే పని చేసిందన్న కథను కంభం ఆడవాళ్లు వదులుకోరు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు పోరుమామిళ్ల చెరువుకు, కర్నూలు-కడప కాలువకు కూడా ఆ గౌరవం దక్కింది. చింక్వే తెర్రెకు వచ్చిన యునెస్కో ముద్ర చూసి ప్రపంచం కదిలింది. కంభానికి వచ్చిన ముద్ర సంగతి కంభం బస్టాండులో దిగినవాళ్లకు కూడా ఎవరో ఒకరు చెబితే గాని తెలియదు.

చెరువులో పుట్టని చేప

కాటా మీదికి వచ్చేవాటిలో ఎక్కువ బొచ్చె, రాగండి, మోసు. వాటి నడుమ జెల్లలు, వాలుగ, జిలేబి చేప. వీటిలో మొదటి మూడూ చెరువులో పెరుగుతాయి గాని చెరువులో గుడ్డు పెట్టవు. వాటికి పారే ఏటి నీళ్లు, కొత్త వరద కావాలి. నిలవ నీళ్లలో ఎంత బలిసినా పిల్లలుండవు. అందుకే ఏటా వానలు పడ్డాక చేప పిల్లల్ని తెచ్చి వదలాలి. వదిలితేనే మరుసటి ఏడు వల బరువెక్కుతుంది.

ఆ పిల్లలు కూడా ఒకప్పుడు నదుల్లో ఏరుకొస్తేనే దొరికేవి. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హీ అనే శాస్త్రవేత్తలు ఒడిశాలో తల్లి చేపలకు హార్మోను సూది వేసి గుడ్డు పెట్టించారు. దేశంలో ప్రతి చెరువూ చేపల చెరువయ్యే దారి తెరుచుకుంది. ఆ రోజు గుర్తుగానే ఏటా జూలై 10ని చేప రైతుల దినంగా జరుపుతున్నారు. కథ ప్రకారం చెరువు ఒడిశా ఆడపడుచు పెట్టింది, అందులో చేప పిల్లలు ఒడిశా ప్రయోగం పెట్టినవి. కంభం వాళ్లు ఎప్పుడైనా పూరీకి పోతే ఈ లెక్కన ఇంకో దండం ఎక్కువ పెట్టుకోవాలి.

కొరమేను దారి వేరు. అది ఎవరి సాయమూ అడగదు. గడ్డీ గాదం ఉన్న ఒడ్డు వారనే గుడ్డు పెట్టుకుంటుంది. పిల్లలు ఎర్రటి ముద్దలా గుంపుగా తిరుగుతుంటే తల్లీ తండ్రీ కింద కాపు కాస్తాయి. ఆ ఎర్ర ముద్ద కనపడ్డ చోట గాలం వేస్తే పెద్ద చేప కోపంతో వచ్చి పడుతుందని పిల్లలకు తెలుసు. పెద్దవాళ్లు వెయ్యనివ్వరు. “దాన్ని పడితే ఆ పిలకాయల్ని జెల్ల తినేస్తది, వచ్చే ఏడు నువ్వు ఏం తింటావు?” అని కసురుతారు. కొరమేను గాలి పీలుస్తుంది, నీళ్లు ఇంకిన ఏడు బురదలో దూరి బతుకుతుంది. కరువు సీమకు తగిన చేప. ధర కూడా మిగతా వాటికి అందనంత.

చెరువు ఎండిన ఏడు ఉండనే ఉంది. వరసగా వానలు మొహం చాటేస్తే ఈ ఏడు కిలోమీటర్ల నీళ్లూ కట్ట దగ్గర మడుగంత అవుతాయి. నెర్రెలిచ్చిన అడుగులో గొర్రెలు మేస్తాయి. సముద్రం మీద బతికే జాలరికి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. చెరువు జాలరికి వాన చెప్పిన రోజు నుంచి నిషేధం. ఎన్ని నెలలో తెలియదు, కొన్నిసార్లు ఎన్ని ఏళ్లో తెలియదు. అప్పుడు వలలు అటక ఎక్కుతాయి, మనుషులు హైదరాబాదు, బెంగళూరు బస్సు ఎక్కుతారు. కట్టడం పనుల్లో ఇటుకలు మోసే చేతుల్లో వల అల్లిన చేతులూ ఉన్నాయి.

కాటా దగ్గర

చెరువులో చేప పట్టే హక్కు సహకార సంఘం సభ్యులకు ఉంటుంది. వినడానికి ఇది బాగుంటుంది. ఒడ్డుకు వచ్చాక ధర చెప్పేది మాత్రం చాలాచోట్ల వలకు, తెప్పకు ముందుగా డబ్బు ఇచ్చిన వ్యాపారి. ఇది ఒక్క కంభం సంగతి కాదు, రాష్ట్రంలో ఏ చెరువు గట్టుకు పోయినా వినపడే పాటే. అప్పు ఉన్నవాడు బేరం ఆడలేడు. ఆడినా ఇంకో బేరగాడు లేడు. ఎండ ఎక్కే కొద్దీ చేప మెత్తబడుతుంది, దాంతోపాటు అమ్మేవాడి గొంతూ మెత్తబడుతుంది.

పోటీ కూడా గట్టిదే. దేశంలో చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం, అదీ కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, భీమవరం చెరువుల పుణ్యాన. మేత వేసి పెంచిన ఆ చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి ఎక్కడికైనా పోతుంది. మార్కాపురం మార్కెట్లో కొనేవాళ్లకు రెండూ రాగండే. చెరువు చేపకు మేత పెట్టలేదని, కండ గట్టిగా ఉంటుందని, పులుసులో విరగదని తెలిసినవాళ్లు అడిగి కొంటారు. తెలియనివాళ్లు తక్కువ ధర చూసుకుంటారు. ఇటలీలో మోంతెరోస్సో నెత్తళ్లు ఊరి పేరుతోనే అమ్ముడుపోతాయి. కంభం కొరమేనుకు ఊరి పేరు ఇంకా పెట్టుబడి కాలేదు.

ఆడవాళ్ల పని ఎవరి లెక్కలోకీ రాదు. అమ్ముడుపోని సన్న చేపను బూడిద పూసి, కత్తిపీట మీద పొలుసు గీకి, గంపలో పెట్టుకుని ఊళ్ల మీదికి పోయేది వాళ్లే. డబ్బు లేని ఇంట్లో గింజలకు మార్చేదీ వాళ్లే. మధ్యాహ్నానికి తిరిగొచ్చి మిగిలినదాన్ని చింతపండు పులుసు పెట్టి, మట్టి చట్టిలో రేపటికి ఉంచుతారు. చేపల పులుసు మర్నాటికే రుచి అన్న మాట ఫ్రిజ్జు లేని ఇళ్లలో పుట్టింది.

> మన తీరానికి వచ్చిన ఇటలీ మనిషి
> ఇటలీ వాళ్లను చూడటానికి మనం పోకముందే ఒక ఇటలీ మనిషి మన వైపు వచ్చాడు. వెనిస్ వర్తకుడు మార్కో పోలో పదమూడో శతాబ్దం చివర్లో కాకతీయుల ఓడరేవు మోటుపల్లిని చూసి రాశాడు. ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని, ఇక్కడి వజ్రాలు, సన్నటి బట్టలు గొప్పవని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. అంతకుముందే గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు కాజేసేవారని, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ శాసనం మాట ఇస్తుంది. మోటుపల్లి 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది.

గోడ కూలితే

2011 అక్టోబరు 25న చింక్వే తెర్రె మీద కుంభవృష్టి పడింది. కొండ మీది నుంచి మట్టి, రాళ్లు, చెట్లు కలిసి వెర్నాజా వీధిలోకి దిగాయి. అంగళ్లు పైకప్పు దాకా బురదలో కూరుకుపోయాయి. ఆ ఒక్క ఊళ్లో ముగ్గురు చనిపోయారు. మోంతెరోస్సో కూడా బాగా దెబ్బతింది. వాన పెద్దదే, కాదనలేం. కాని అంతకంటే పెద్ద కారణం చాలా ఏళ్లుగా పోగవుతూ వచ్చింది. ద్రాక్ష తోటల్లో కష్టం ఎక్కువ, రాబడి తక్కువ. యాత్రికులకు గది అద్దెకిస్తే డబ్బు సులువు. కుర్రాళ్లు కొండ దిగేశారు. ఏటా ఒక రాయి జారితే ఆ రాయి మళ్లీ పెట్టే చెయ్యి లేకపోయింది. పట్టించుకోని గోడ ఒకటి కూలితే దాని కిందిదాని మీద పడుతుంది. ఫొటోలో కనిపించే అందాన్ని పట్టుకుని ఉన్నది ఆ గోడలేనని ఊరికి బురద వచ్చాక అర్థమైంది.

2012లో రియోమాజోరే, మనరోలా నడుమ ప్రేమికుల బాటగా పేరు పడ్డ కొండ దారి మీద రాళ్లు పడి యాత్రికులు గాయపడ్డారు. ఆ దారి పూర్తిగా తెరుచుకోవడానికి 2024 దాకా పట్టింది. ఇప్పుడు టికెట్టు కొని, ఇచ్చిన వేళకే నడవాలి. కొండ దారుల్లో నడిచేవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బును ఆ దారులు బాగుచెయ్యడానికి ఖర్చు పెడతారు.

కంభానికి ఈ కథ దూరం కాదు. చెరువు అందం కట్ట మీద వేసే టైల్స్‌లో, దీపాల్లో లేదు. పైన నల్లమలలో అడవి ఉంటే వాన నీళ్లు తీరిగ్గా దిగుతాయి. వాగులు పూడకుండా ఉంటే చెరువులోకి వస్తాయి. అడుగున మట్టి మేట వేస్తే చూడటానికి నీళ్లు అంతే కనిపిస్తాయి, లోతు మాత్రం తగ్గుతుంది, మార్చి రాకముందే చెరువు మడుగవుతుంది. తూము తలుపు ఒకటి తుప్పు పడితే ఎవరూ ఫొటో తియ్యరు. ఇదే గుండ్లకమ్మ మీద కింద మల్లవరం దగ్గర కట్టిన కొత్త ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023లో ఇంకో గేటు కొట్టుకుపోయి, నిలవ చేసిన నీళ్లు కళ్లముందే సముద్రం పాలయ్యాయి. అయిదు వందల ఏళ్ల నాటి కట్ట నిలబడే ఉంది. పాతకాలం వాళ్లు గొప్పవాళ్లని చెప్పడం నా ఉద్దేశం కాదు. నిలబడే వాటికి కూడా నిర్వహణ ఖర్చు ఉంటుందని, ఆ పద్దు మన బడ్జెట్లలో చివర రాసి మొదట కొట్టేసేదని చెప్పడమే.

ఇక వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నుంచి కృష్ణ వరద నీళ్లను పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న జంట సొరంగాల్లో నల్లమల దాటించి తేవాలన్నది సంకల్పం. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. ఈ పడమటి ప్రాంతంలో ఏ పర్యాటక ప్రణాళిక గీసినా దాని మొదటి గీత నీళ్ల మీదే పడాలి.

పడవ ఎవరి చేతిలో?

చెరువులో బోటింగ్ పెట్టాలి, రిసార్టు కట్టాలి అన్న మాట చాలాకాలంగా వినపడుతున్నదే. పెట్టాల్సిందే. కాని ఎవరితో?

ఇటలీ వాళ్లు 1980ల నుంచే ఒక దారి వేసుకున్నారు. వృత్తి జాలరి తన పడవలో యాత్రికుల్ని వేటకు వెంట తీసుకెళ్లవచ్చు, డబ్బు తీసుకోవచ్చు. వల వెయ్యడం, తియ్యడం చూపిస్తాడు, పడ్డ చేపను పడవ మీదే వండి పెడతాడు. పెస్కాతూరిజ్మో అంటారు. ఎంతమంది ఎక్కవచ్చు, రక్షణ సామగ్రి ఏముండాలి అన్నదానికి నియమాలున్నాయి. జాలరికి చేప తక్కువ పట్టినా రోజు గడుస్తుంది, చెరువు మీదో సముద్రం మీదో ఒత్తిడి తగ్గుతుంది. యాత్రికుడు వచ్చింది పెట్టుబడిదారుడి ఇంటికి కాదు, జాలరి ఇంటికి.

కంభంలో టెండరు పిలిచి ఎక్కడి నుంచో స్పీడు బోట్లు తెప్పిస్తే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. మోటారు మోతకు చేప లోతుకు పోతుంది, ఇంజను రెక్క వలను కోస్తుంది, సంఘం సభ్యుడు తన చెరువు ఒడ్డున టికెట్లు చింపే ఉద్యోగం అడుక్కుంటాడు. అదే బోటింగ్ హక్కు సంఘానికే ఇచ్చి, పడవలకు, లైఫ్ జాకెట్లకు అప్పు ఇప్పించి, ఒడ్డున ఆడవాళ్ల పొదుపు సంఘం చేత పులుసూ అన్నం పెట్టిస్తే? లైఫ్ జాకెట్ల మాట లాంఛనానికి అనడం లేదు. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో అనుమతి లేని పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీక మాసం యాత్రకు పోయినవాళ్లే. ఈ ప్రాంతంలో పడవ మాట ఎత్తినవాడు ఆ ఆదివారం గుర్తుపెట్టుకుని మాట్లాడాలి.

అక్కడివన్నీ తెచ్చి ఇక్కడ పెట్టాలని కూడా లేదు. చింక్వే తెర్రెలో ఇప్పుడు సీజన్‌లో నడవడానికి చోటుండదు. ఇళ్లు అద్దె గదులయ్యాయి. జాలర్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. చేపల పల్లెను చూడటానికి లోకమంతా వచ్చేసరికి చేపలు పట్టేవాళ్లే కనపడకుండా పోతున్నారు. కంభంలో పరిస్థితి తలకిందులు. చేప పట్టేవాళ్లున్నారు, చూసేవాళ్లు లేరు. ఈ రెండింటి నడుమ ఎక్కడో ఆగగలిగితే మంచిది. ఆగే చోటు ఎక్కడో నిర్ణయించుకునే హక్కు మాత్రం గట్టు మీద వల విప్పుతున్న ఆ పెద్దమనిషికి ఉండాలి.

ఇళ్లకు రంగులెయ్యడం గురించి అడిగితే ఆయన నవ్వాడు. “రంగు మేమే ఏసుకుంటాం సారూ. ముందు ఈడ ఒక ఐసు మిషను పెట్టించమను. ఎండెక్కినా బేరం మా చేతిలో ఉంటది.”

వెళ్లేవాళ్లకు

కంభం గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో ఉంది. మార్కాపురం నుంచైనా గిద్దలూరు నుంచైనా ముప్పై కిలోమీటర్ల అటూ ఇటూ, బస్సులకు కొదవ లేదు. వానలు వెనకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెరువు చూడటానికి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో వస్తే ఎండ తప్ప ఏమీ మిగలదు. అదే ప్రయాణంలో మార్కాపురం చెన్నకేశవస్వామి గుడి, పలకల గనులు చూడొచ్చు. గిద్దలూరు దాటి రైల్లో నల్లమలలోకి పోయి రావచ్చు.

మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. కట్ట మీద నీడ తక్కువ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి సౌకర్యం ఊళ్లోనే చూసుకోవాలి. ఈతకు దిగొద్దు, నీళ్ల కింద మునిగిన తుమ్మ కంపలు, పాత వలలు ఉంటాయి. తెప్పలు ఎక్కించమని జాలర్లను బతిమాలొద్దు. అవి ఒక్క మనిషికి, ఒక వలకు సరిపడేవి. కాటా చూడాలంటే రాత్రికే కంభం చేరి తెల్లవారుజామునే కట్ట మీదికి రావాలి, పొద్దెక్కితే మోపెడ్లు వెళ్లిపోతాయి. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసుకోండి గాని, ధర దగ్గర మాత్రం మరీ గీసి బేరం ఆడకండి.